రుమాలు వేసిన చోటు

నలభయ్యోరోజు ప్రార్థన ముగించి పాస్టరుగారు గేటు దాటగానే, బావమరిది సిరిల్ నా భార్య రూతమ్మ సమాధి పక్కన చెప్పులు విడిచి నిలబడ్డాడు. అక్కడ ఇంకొక్కరికే జాగా ఉంది.

“బావా, ఈ చోటు నాది. పాస్టరుగారికి సెప్పేస్తాను.”

“నా పెళ్ళాం పక్కన నువ్వేటిరా?”

“అమ్మ పోయినాక నన్ను పక్కలో ఏసుకుని పెంచింది అక్కే. అయినా ముప్పై ఆరేళ్ళు నీ గురక భరించింది. ఇకనైనా దాన్ని పడుకోనీవేటి?”

“నీ వాగుడుకి అది లేచి పారిపోతాది.”

మా అమ్మాయి డయానా నవ్వు ఆపుకుంటూ సంచిలోంచి నీలిపూల చేతిరుమాలు తీసింది. ఖరగ్‌పూర్ స్టేషన్లో రైలు ఆగీ ఆగకముందే ఆ రుమాలు కిటికీలోంచి విసిరి సీటు ఆపడంలో రూతమ్మను మించినవాళ్ళు లేరు. నేను మాత్రం టీ తాగుతూ నిలబడి, కదిలే రైలెక్కి, ఆ సీట్లో కూర్చుని తిట్లు తినేవాణ్ణి.

డయానా రుమాలును ఆ ఖాళీ నేలమీద పరిచింది.

“జరుగు మావయ్యా. ఆస్పత్రిలో అమ్మ ఇచ్చింది. ‘మీ నాన్న ఎప్పుడూ లేటే, సీటు ఆపి ఉంచు’ అంది.”

సిరిల్ గొణుగుతూ జరిగాడు. “రుమాలేసేసినాక ఏటి సేస్తాం!”

“ఇంకేటి తిట్టింది?” అన్నాను.

“తిట్టలేదు నాన్నా. ఈసారి పరిగెత్తొద్దంది. టీ తాగి మెల్లగా రమ్మంది.”

సిరిల్ కళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకున్నాడు.

“అయితే పద బావా, టీ తాగుదాం.”