పది నిమిషాల్లో రాజీ

"సరే, ఆయన ఫొటోనే పైన వెయ్యండి," అన్నాడు జగన్మోహన్.

"అట్లెట్ల? నీదే పైన ఉండనియ్," అన్నాడు కొండల్ రావు.

రాసుకుంటున్న రాగిణి పెన్ను ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఉగాది ఫ్లయర్ మీద ఎవరి ఫొటో పైన ఉండాలన్న పేచీతో అమెరికాలోని కమ్మింగ్ ఊరి తెలుగు సంఘాన్ని రెండు ముక్కలు చేసిన పెద్దమనుషులు వీళ్లు! ఎనిమిది నెలలుగా గుళ్లో ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు. అలాంటివాళ్లు ఆమె ఎదుట కూర్చున్న పది నిమిషాలకే నువ్వంటే నువ్వనుకోవడమా?

కాలేజీలో ఆమె చెప్పే పాఠమే తగువులు తీర్చడం ఎలా అని. నిజమైన తగువొకటి తీర్చి రిపోర్ట్ ఇస్తేనే ఆమె ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది, లేదంటే మే నెలతో సరి. వీళ్లు ఇవాళ సంతకాలు పెట్టి రేపు మళ్లీ జుట్లు పట్టుకుంటే పరువూ ఉద్యోగమూ రెండూ గంగలో కలుస్తాయి.

తొందరగా ఒప్పుకున్నవాళ్లను ఓ కంట కనిపెట్టాలని పిల్లలకు చెప్పేది ఆమే. జగన్మోహన్‌ని బయట కూర్చోబెట్టి తలుపు వేసింది.

"అంకుల్, నిజం చెప్పండి. వెనకాల ఏం నడుస్తోంది?"

"ఏం నడుస్తదమ్మా? కలిసిపోదామనుకున్నం, అంతే. నీ పర్మనెంట్ గూడ అయిపోతది."

రాగిణి ఉలిక్కిపడింది. ఆ సంగతి ఇంట్లో తప్ప బయట ఎవరికీ చెప్పలేదు.

"ఆ మాట మీకెవరు చెప్పారు?"

కొండల్ రావు నాలిక కరుచుకున్నాడు. అంతలో బల్ల మీద ఆయన ఫోన్ వెలిగింది. జగన్మోహన్ మెసేజ్: "బావా, మరీ త్వరగా ఒప్పేసుకున్నామేమో! లోపలికొచ్చి కాసేపు తిట్టుకుందామా?"

బావా అట, బావ! రాగిణికి ఒళ్లు మండిపోయింది.

"ఇద్దరూ కలిసి నాతో ఆటలాడుతున్నారా? ఈ రాజీ లేదు, ఏమీ లేదు. రిపోర్ట్ క్యాన్సిల్ చేసేస్తా."

"అయ్యో, అంత పని జెయ్యకు తల్లీ!" కొండల్ రావు చేతులు జోడించాడు. "మేం నిజంగనే కలిసినం. నెలైంది. మీ అమ్మ నాగమణిగారు నువ్వు ఇంట్ల లేనప్పుడు ఇద్దర్నీ భోజనానికి పిలిచి, ఎదురెదురుగ కూసోబెట్టి, మాట్లాడుకునేదాక విస్తట్ల మెతుకు వెయ్యనన్నరు. కలిసినంక మాతోని ఒట్టు గూడ వేయించుకున్నరు, నీ రిపోర్ట్ అయ్యేదాక బయట కొట్లాడుకుంటనే ఉండాల్నని!"