రెండో సర్వరు

తిరుచానూరులో చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టే ముహూర్తం ఇంకా పావుగంట ఉందనగా మునికృష్ణకు ఫోన్ వచ్చింది. చిత్తూరు నుంచి, అతను కంప్యూటర్లు చూసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు.

"నెట్ పోయిందప్పా. రెండో సర్వరు లేయలేదు. తూకం ఆగిపోయి గేటు బయట నలభై ట్రాక్టర్లు నిలబడిపోయుండాయి."

మునికృష్ణ లోలోపల నవ్వుకున్నాడు. నెట్ పోతే పని దానంతటదే రెండో సర్వరుకు మారాలి. మారదు. తన చెయ్యి పడందే మారకుండా ఏనాడో బిగించి పెట్టాడు. ఆ కిటుకు ఎక్కడా రాసిపెట్టలేదు. ఇద్దరు మేనేజర్లు మారినా ఆరేళ్లుగా తన ఉద్యోగం నిలబడింది దానివల్లేనని అతని గట్టి నమ్మకం. అందుకే ఒక్క సెలవు కూడా పెట్టలేదు. ఇదే మొదటిది.

"బయల్దేరి వస్తా సార్."

"నువ్వొచ్చేలోగా కాయంతా ఎండకు మెత్తబడిపోతాది. పవిత్ర ఈడే ఉండాది. ఆ యమ్మాయికి చెప్పు."

పవిత్ర అతని కింద పనికి చేరి నెల కూడా కాలేదు. చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు. కానీ ఆ ట్రాక్టర్లలో తన ఊరి రైతులవి కూడా ఉంటాయి. అసలైన మెట్టు ఒకటి దాచి, మిగతావి చెప్పాడు.

"నిదానంగా చెప్పన్నా, రాసుకుంటాండా," అంది పవిత్ర.

చెల్లెలు నందిని వచ్చి చెయ్యి పట్టి లాగింది. "అన్నా, ఆచారి సూది పట్టుకోనుండాడు. మేనమామ ఒడిలో గదా కుట్టాల్సింది!"

"రెండే నిమిషాలమ్మా."

సర్వరు లేవలేదు. ఎలా లేస్తుంది? మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి ఆ దాచిన మెట్టు కూడా చెప్పక తప్పలేదు.

లోపల పాప కేరుమంది. తొంగి చూశాడు. పాప ఎవరో దూరపు చుట్టం ఒడిలో ఉంది. నందిని ఇటువైపు కూడా చూడలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"వచ్చేసిందన్నా!" ఫోన్లో పవిత్ర అరిచింది.

"పెద్ద సాయం చేసినావప్పా," అన్నాడు మేనేజరు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర అతని కార్డు పనిచెయ్యలేదు. వాచ్‌మన్ మునిరామయ్య తల దించుకున్నాడు.

"నిన్ను లోపలికి ఇడవద్దన్నాడప్పా సారు."

"ఎందుకంట? నిన్న నేను లేకపోతే ఏమయ్యేది?"

"నిన్న ఆ నెట్ వైరు సారే పీకి నా చేతిలో పెట్టినాడప్పా, నువ్వు చెప్పేదంతా ఆ యమ్మాయి రాసుకునేదాకా ఎవరికీ ఇయ్యద్దని."