గీత అవతల

టీవీ స్టూడియో మేకప్ గదిలో, పాతికేళ్లుగా తనకు పడని ఆల్‌రౌండర్ పక్క కుర్చీలో కూర్చోగానే మాజీ ఫాస్ట్ బౌలర్ పళ్లు నూరాడు.

“ఫైనల్లో నా బంతి నీ బ్యాటుకి తగిలి కీపర్ చేతిలో పడింది. అంపైర్‌కి వినపడలేదని రాయిలా నిలబడ్డావు. కప్పు ఎగరేసుకుపోయారు.”

“తగిలింది.”

ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట కోసమే కాచుకున్న బౌలర్ దిగ్గున లేచాడు. “మరి కదల్లేదేం?”

“నీ కాలు గీత దాటింది. నోబాల్, ఔట్ లెక్కలోకి రాదు. అంపైర్ అదీ చూడలేదు.”

ఆ సంగతి బౌలర్ కాలికి ఆనాడే తెలుసు. మెల్లగా కూలబడ్డాడు.

“ఇన్నాళ్లూ తిట్లు తింటూ నోరెందుకు మూసుకున్నావు?”

“చెబితే గొడవ తీరిపోయేది. గొడవే లేకపోతే మనల్ని ఈ టీవీ షోలకి పిలిచేదెవరు గురూ?”

“రెడీయా సార్?” యాంకర్ తలుపు తట్టింది.

స్టూడియోలో లైట్లు వెలిగాయి. బౌలర్ వేలెత్తి చూపిస్తూ, “వీడు దొంగ!” అని ఎప్పటికన్నా గట్టిగా అరిచాడు.