గేటు పాస్ మీద స్వర్ణ

నిచ్చెన మీది నుంచి చూస్తే ఏడు టోపీలు కనిపించాయి.

ఈకలవి, పూలవి. ఒకదాని మీదైతే ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి. సౌదీ దేశం ధహ్రాన్‌లో, ఇంటి లోపల, టోపీలు.

సృజన మేడమ్ ఇంట్లో ఆ గురువారం పుస్తకాల టీ పార్టీ. కాంపౌండ్‌లోని తెలుగు ఇంజనీర్ల ఇల్లాళ్లు నెలకోసారి ఒక ఇంగ్లీషు నవల చదివి, ఒకచోట చేరి నవ్వుకుంటారు. ఈసారి నవలలో వాళ్ల లాగే వేషం కూడా.

నేను ఏసీ మనిషిని. పేరు లింబాద్రి, ఆర్మూరు దిక్కు. తల సీలింగు కన్నంలో ఉంది కానీ చెవులు కిందే ఉన్నాయి.

నాది ఆరో తరగతి చదువు. అయినా ఆ నవల కథ నాకు తెలుసు. కాంపౌండ్ లైబ్రరీ క్లర్కు కాషిఫ్, మన హైదరాబాదీ, చాయ్ తాగుతూ చెప్పాడు. రాసినాయన ఇంగ్లండు వాడట. అక్కడి దొరలనూ దొరసానులనూ వెక్కిరిస్తూ రాయడమే ఆయన పని.

ఈ నవలలో దొరసాని ఇంట్లో పనిమనుషులు మారుతూ ఉంటారు. ఆవిడ మాత్రం వచ్చినవాళ్లందరినీ నాన్సీ అనే పిలుస్తుంది. మొదటి పనిమనిషి పేరది. కొత్త పేరు నేర్చుకోవాలంటే ఆవిడకు బద్ధకం.

కింద నవ్వులకు ఏడు టోపీలూ ఊగిపోతున్నాయి.

"ఎంత పొగరండీ వీళ్లకి," అంది సృజన మేడమ్ కళ్లు తుడుచుకుంటూ. తర్వాత వంటింటి వైపు తిరిగింది. "స్వర్ణా, టీ."

వంటింట్లో ఉన్నది ముత్యవ్వ.

స్వర్ణ రెండేళ్ల కిందటే మంచిర్యాల వెళ్లిపోయింది.

పిలుపు వరకే అయితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ని. ఎదుటివాళ్లకు పేర్లు పెట్టడంలో నన్ను మించినవాడు మా క్యాంపులో లేడు. కానీ మేడమ్ గేటు ఆఫీసుకు కూడా పేరు స్వర్ణ అనే పంపింది. పాస్ మీద స్వర్ణ. సౌదీ సర్కారు ఇచ్చిన ఇఖామా కార్డు మీద ముత్యవ్వ. రెండూ కలవకపోతే గేటు కాపలా లాల్ అహ్మద్ బయటికి వదలడు.

రెండేళ్లుగా ముత్యవ్వ కాంపౌండ్ గోడ దాటలేదు. అడిగినప్పుడల్లా మేడమ్ చూద్దాంలే అంటుంది.

ఆ రోజు మాత్రం దాటాలి.

ముత్యవ్వ మొగుడు భోజన్న హాయిల్‌లో గోధుమల ఫారంలో ఉండేవాడు. మళ్లీ రానక్కర్లేదని కంపెనీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టింది. బస్సులో తెచ్చి దమ్మామ్ ఎయిర్‌పోర్టులో దింపుతారు. సాయంత్రం ఆరింటికి లోపలికి పంపేస్తారు. ఆమె కాంట్రాక్టు ఇంకా రెండేళ్లుంది.

ఒకే దేశంలో ఉండి, ఫోనులో తప్ప, మొగుడి మొహం చూడలేదు.

పొద్దున గిన్నెలు తోముతూ ఇదంతా చెప్పింది. ఏడవలేదు. ఒకే గిన్నెను చాలాసేపు తోమింది.

"స్వర్ణా అంటె పలుకకు చెల్లె," అన్నాను. "మిగతది నేను జూస్కుంట."

"కొలువు వోతదన్నా."

"ఎవలది?"

"ఇద్దరిది."

ఇప్పుడు మేడమ్ రెండోసారి పిలిచింది. మూడోసారి గొంతు పెంచింది. వంటింట్లో కప్పు కూడా కదల్లేదు.

నేను ఏసీ ఆపేశాను.

ఆ నిశ్శబ్దంలో ఏడుగురూ పైకి చూశారు. ధహ్రాన్‌లో ఏసీ ఆగితే అందరికీ దేవుడు గుర్తొస్తాడు.

"స్వర్ణ మంచిర్యాలల ఉన్నది మేడమ్," అన్నాను. "ఇంకొంచెం గట్టిగ విలువాలె."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ద్రాక్షగుత్తి టోపీ కర్నూలు డాక్టరమ్మ నాజ్నీన్‌ది. ఆమె నవ్వలేదు.

"మరి లోపలుండే ఆమె పేరేంది సృజనా?"

మేడమ్ వంటింటి వైపు చూసింది, అక్కడ గోడ మీద రాసి ఉంటుందేమో అన్నట్టు.

ఒడిలో పుస్తకం తెరిచే ఉంది.

టోపీల కింద చెమటలు మొదలయ్యాయి. ఏసీకి ఏమైందని మేడమ్ నన్ను గదమాయించింది.

"గేటు పాస్ మీద పేరు తప్పువడ్డది మేడమ్. అది సక్కవడితె ఇది గూడ నడుస్తది."

ముత్యవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ట్రే లేదు. ఇఖామా కార్డు ఉంది.

నాజ్నీన్ డాక్టరమ్మ కార్డు తీసుకుని పేరు పైకి చదివింది. మేడమ్ ఆ పేరు ఫోనులో కొట్టి గేటు ఆఫీసుకు పంపింది.

అప్పుడు అయిదు పది. నేను ముందే చెప్పి ఉంచిన కాషిఫ్ కారులో ముత్యవ్వ గేటు దాటిందని లాల్ అహ్మద్ ఫోను చేసేదాకా నేను నిచ్చెన దిగలేదు. తర్వాత ఏసీ వేశాను.

వాళ్లు చేరేసరికి భోజన్నను లోపలికి పంపేశారు. అద్దానికి అవతల అతను, ఇవతల ఈమె. ఏడు నిమిషాలు. ఏం మాట్లాడుకున్నారని కాషిఫ్‌ను అడిగితే, అద్దం మందంగా ఉంది చాచా అన్నాడు.

శనివారం మా ఫోర్‌మన్‌కు ఫిర్యాదు వచ్చింది. ఏసీ మనిషికి మర్యాద తెలియదు, తీసేయండి అని. ఏ ఏసీ మనిషో, పేరు రాయలేదు. మేము పదకొండు మందిమి. ఫోర్‌మన్ అడిగితే పదకొండు మందిమీ ఎవరికి వాళ్లం "ఆ మనిషిని నేనే" అన్నాం.

ఆ ఇంటికి నేను ఆరేళ్లుగా వెళుతున్నాను.

నవల లైబ్రరీకి తిరిగి వచ్చింది. కాషిఫ్ బల్ల మీద కనబడితే ఆగాను.

"ఇందుల ఆ చివరి పనిమనిషి అసలు పేరేంది కాషిఫ్?"

కాషిఫ్ పేజీలు తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మళ్లీ చివరిదాకా వెళ్లాడు.

"రాయలే చాచా. అన్నిట్ల నాన్సీనే."

"ఎన్ని జాగల ఉన్నది నాన్సీ అని?"

అడిగి, అతని జేబులోని పెన్ను తీసుకున్నాను.