కొండి లేని తేలు

స్నానాలశాల కడగడానికి వచ్చి ఆవిరి గది తలుపు తీసిన మోత్ర్యా చేతిలోంచి బకెట్ జారిపోయింది. కూర్చునే చెక్క మెట్లలో పై మెట్టు మీద ఒక మనిషి చచ్చి పడి ఉన్నాడు. అతని ఎడమ భుజం మీద అరచెయ్యంత మేర చర్మం లేదు.

పోలీసు కెప్టెన్ బొహ్దాన్ వచ్చేసరికి ఆమె వాకిట్లో బెంచీ మీద కూర్చుని ఉంది. వెనక ద్నీప్రో నది మీద మంచు ఇంకా విడలేదు.

"ఎవరు పిన్నీ ఇతను?"

"ఈ ఊరివాడు కాదు నాయనా. నిన్న సాయంత్రం రైలు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. జహార్ స్నానానికి వస్తాడా అని అడిగాడు. టీ, రొట్టె ఇచ్చాను. ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు రొట్టెను గుండెకు ఆనించుకుని తిన్నాడు."

"భుజం మీద ఏముండేది?"

"తేలు."

కెప్టెన్‌కు విషయం అర్థమైంది.

ఆ ఊళ్లో మగవాళ్లందరూ ఒకళ్ల గురించి ఒకళ్లు తెలుసుకునేది ఆ స్నానాలశాలలోనే. చొక్కా విప్పితే చాలు, ఎవడు ఏ దళంలో పనిచేశాడో ఒంటి మీది పచ్చబొట్టు చెప్పేస్తుంది. హక్కు లేనివాడు ఆ బొమ్మ పొడిపించుకుంటే సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పలేకపోతే బొమ్మను ఇటుకతో గీకేస్తారు. ఇది ఏ చట్టంలోనూ లేదు. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేసిందీ లేదు.

తేలు బొమ్మ ఒకే ఒక్క దళానిది. అఫ్ఘాన్ కొండల్లో ఆ దళమంతా హతమైపోయింది, జహార్ ఒక్కడు తప్ప.

కబురు పంపకుండానే జహార్ కుంటుకుంటూ వచ్చాడు. పక్కన రోమన్ ఉన్నాడు. మాజీ సైనికుల సంఘంలో జహార్‌కు కుడిభుజం అతనే.

"నిన్న కాస్త బుద్ధి చెప్పాం," అన్నాడు జహార్. "మేం వెళ్లేటప్పుడు ఊపిరి ఉంది."

"మా వాళ్ల తేలు తగిలించుకుని మా అన్న ముందుకే వస్తాడా సార్!" రోమన్ ఊగిపోయాడు. "సచ్చినోడికి ఎంత పొగరు!"

కెప్టెన్ చుట్టూ చూశాడు. జహార్ ఆ ఊరికి దేవుడితో సమానం. వీధికి అతని పేరు పెట్టాలని మొన్ననే తీర్మానించారు.

"సరే అన్నా. వేడికి గుండె ఆగిందని రాస్తాను. అనాథ శవం కింద ఊరవతల పూడ్పిస్తాను. ఇక్కడితో వదిలేద్దాం."

"అనాథ శవమేంటి?" మోత్ర్యా లేచి నిలబడింది. "కుక్కకైనా పేరుంటుంది. యుఖీం అని నాతో చెప్పాడు. సైనికుణ్ణి అన్నాడు. సైనికుల సమాధుల పక్కన పెట్టండయ్యా."

"దొంగలు వంద పేర్లు చెబుతారు పిన్నీ. నువ్వు నీ తుడుపుగుడ్డ సంగతి చూసుకో," అన్నాడు రోమన్.

"దొంగని ఎలా చెప్పగలవురా?"

"నువ్వూ చూశావుగా! వాడి తేలుకు కొండి లేదు." రోమన్ కెప్టెన్ వైపు తిరిగాడు. "దళంలో చేరిన రోజున కొండి లేకుండా తేలును పొడుస్తారు సార్. ఇంటికి పంపే రోజున తోటివాళ్లు తమ చేత్తో కొండి పొడుస్తారు. జహారన్నకు తోటివాళ్లెవరూ మిగల్లేదు. పాపం, ఆసుపత్రిలో అద్దం ముందు కూర్చుని తనే పొడుచుకున్నాడు. ఈ సన్నాసికి నకలు కొట్టడం కూడా చేతకాలేదు."

కెప్టెన్ కాగితం మీద పెన్ను పెట్టాడు. పెట్టినవాడు మళ్లీ ఎత్తాడు.

"మీ సంఘం గోడ మీద తేలుకు కొండి ఉంది కదూ?"

"ఉంది సార్."

"జెండా మీద?"

"దానికీ ఉంది."

"మరి నకలు కొట్టేవాడు కొండితోనే కదరా కొట్టాలి. కొండి లేని తేలును వాడు ఎక్కడ చూశాడు?"

 రోమన్ మెల్లగా జహార్ వైపు తిరిగాడు.

మోత్ర్యా నిలబడి ఉన్న పక్కనే జహార్ బెంచీ మీద కూలబడ్డాడు. ఆమె దూరంగా జరిగింది.

"అన్నా, అబద్ధమని చెప్పు," అన్నాడు రోమన్.

"గుమ్మంలోనే గుర్తుపట్టాను," అన్నాడు జహార్ నేల చూస్తూ. "ఇన్నేళ్లూ శత్రువుల చెరలో ఉన్నాడట. కొండి పొడుస్తావా, మనవాళ్లు ఇంకెవరూ లేరుగా అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు. తిట్టలేదు. కొట్టినా బాగుండేది. ఇవాళ కాకపోతే రేపు ఎవరికో ఒకరికి చెబుతాడని భయమేసింది. దొంగ, దొంగ అని మిమ్మల్ని పిలిచింది అందుకే."

"ఏం చెబుతాడని?" అన్నాడు రోమన్.

"కాలు విరిగి పడి ఉన్న నన్ను వీపున వేసుకుని కొండెక్కింది వాడురా. హెలికాప్టర్‌లో పడేసి, తరుముకొచ్చేవాళ్లను ఆపడానికి తిరిగి కిందికి దిగాడు. వాడి తుపాకీ మోత నాకు వినబడుతూనే ఉంది. ఇంకెవరైనా రావాలా, ఆగాలా అని పైలట్ అడిగాడు. ఎవరూ లేరు, పోనియ్యమన్నాను."