తొంభై ఎనిమిది మార్కులు

"ఫోను ఇలా ఇవ్వు," అంది టీచరమ్మ చెయ్యి చాపి.

పిచ్చుక ఇచ్చేసింది. టీచరమ్మ దాన్ని తన చేతిసంచిలో పడేసి జిప్పు లాగింది.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకండీ," అని నసిగాడు క్లబ్బు కార్యదర్శి.

"నిన్న నా చెవిలో ఊదింది నువ్వే కదయ్యా!"

కార్యదర్శి పైకప్పు వంక చూడసాగాడు.

టీచరమ్మ లెక్కల టీచరుగా రిటైరై, ఈ బాస్కెట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షురాలైంది. పిచ్చుక అమ్మాయిల జట్టుకు తాత్కాలిక కోచ్. మనిషి పొట్టి, గొంతు గట్టి. ఆ పేరు ఆటగత్తెలు పెట్టిందే. సీజన్ మధ్యలో పాత కోచ్‌ను తీసేసి, ఆయన దగ్గర సహాయకురాలిగా ఉన్న ఈమెను నిలబెట్టింది టీచరమ్మే. పాతాయన నవ్వితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు మూతి బిగించుకుని కూర్చునేవాడు. ఆయన చూస్తుంటే పిల్లల చేతుల్లోంచి బంతి దానంతటదే జారిపోయేది. వరసగా ఓడారు. ఇక చాలన్నప్పుడు మెడలోని ఈల తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పిచ్చుక వచ్చాక జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఇవాళ్టి ఆట చూసి ఆమెను ఉంచాలో పంపాలో తేల్చెయ్యాలి. అంతలో ఈ పుకారు. పాతాయన చెబుతుంటే ఈమె ఫోన్లో విని ఆడిస్తోందట!

"అదే నిజమైతే ఇవాళే నీకు ఆఖరు," అంది టీచరమ్మ. "కాపీ కొడితే నా కన్నకూతుర్నే పరీక్ష హాల్లోంచి బయటికి పంపాను."

"మీరు నా వెనకాలే కూర్చోండి టీచరమ్మగారూ," అంది పిచ్చుక. ఈ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం.

టీచరమ్మ వెనకాలే కూర్చుంది. ముప్పై ఏళ్ళు చీటీలు పట్టిన కళ్ళవి. పిచ్చుక జుట్టు పక్కకు తీసి చెవుల్లోకి తొంగి చూసింది. నీళ్ళసీసా ఎత్తి అడుగున చూసింది. ఆట మొదలయ్యాక బెంచీ దగ్గరికి చీమను కూడా రానివ్వలేదు.

ఒక్క ఎలుగుబంటి తప్ప. క్లబ్బు గుర్తుగా ఒక మనిషి వేసే వేషం అది. ఒళ్ళంతా బొచ్చు, గంపంత తల. లోపల ఎవరున్నా పిల్లల ముందు నోరు విప్పకూడదు, తల తియ్యకూడదు. ఆ నియమం టీచరమ్మ పెట్టిందే. ముందున్నది బద్ధకంగా దొర్లేది. ఈ మధ్య వచ్చిన కొత్త ఎలుగుబంటి మాత్రం శివాలెత్తిపోతోంది.

మొదట్లో అవతలి జట్టు చెలరేగిపోయింది. ఆ గోలలో ఎలుగుబంటి బెంచీ ముందు నిలబడి బరబరా పొట్ట గోక్కుంది. పిచ్చుక కిసుక్కున నవ్వి, టైమవుట్ అడిగింది.

కొంప మునుగుతుంటే నవ్వేమిటి! టీచరమ్మ మనసులోనే ఒక మార్కు కోసింది.

కాసేపటికి ఎలుగుబంటి ఎడమ పక్కకు పిల్లిమొగ్గలు వేసింది. పిచ్చుక కళ్ళు మళ్ళీ దాని మీదే. ఇంకో మార్కు కోత.

ఆ వెంటనే పిచ్చుక కుర్చీ ఎక్కి అరిచింది. "ఎడమవైపు ఖాళీ! ఎడమవైపు పోవే!"

పొడుగుపిల్ల ఎడమవైపు దూసుకుపోయింది. బంతి బుట్టలో పడింది. మళ్ళీ పడింది. మళ్ళీ! హాలు దద్దరిల్లింది. టీచరమ్మ లేచి నిలబడి ఈల వేసింది. చిన్నప్పుడు మానేసిన ఈల అది, ఇంకా వస్తుందని ఆమెకే తెలియదు.

ఎలుగుబంటి వంగి ఆమె ముందు చెయ్యి చాపింది. మోకాళ్ళ నొప్పులు, అధ్యక్ష పదవి రెండూ మరిచిపోయి టీచరమ్మ గెంతులు వేసింది.

"నువ్వెవరివో గానీ," అంది రొప్పుతూ దాని బొచ్చు చెవిలో, "నీ హుషారులో వీసమెత్తు ఆ పాత కోచ్‌కి ఉన్నా, ఆయన్ని నేను తీసేసేదాన్నే కాదు!"

ఎలుగుబంటి ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత ఆమెను బొంగరంలా గిర్రున తిప్పేసింది.

ఆఖరి బంతి బుట్ట అంచు మీద తిరిగి, తిరిగి, అందరి ప్రాణాలూ తోడేసి లోపలికి జారింది. గెలిచారు!

టీచరమ్మ మైకు లాక్కుంది.

"ఎవరి సాయమూ లేదు. నా కళ్ళతో నేను చూశాను. మన తాత్కాలిక కోచ్‌కు నూటికి తొంభై ఎనిమిది! రేపటి నుంచి ఆమె పర్మనెంటు. ఆ రెండూ ఎందుకు కోశానంటారా? ఆట మానేసి ఎలుగుబంటి వంక చూసినందుకు!"

నీళ్ళు తాగుతున్న పిచ్చుకకు పొలమారింది. ఎలుగుబంటి గుండె పట్టుకుని వెల్లకిలా పడిపోయింది. పిల్లలు దాని మీద పడి దొర్లారు.

"నువ్వు కూడా పర్మనెంటే పోవోయ్! ఇచ్చిన మార్కు, అన్న మాట వెనక్కి తీసుకున్న చరిత్ర నాకు లేదు."

ఇంటికి బయల్దేరి మెట్లు దిగుతుంటే చేతిసంచి మోగింది. పిచ్చుక ఫోను! తెర మీద 'అమ్మ' అని ఉంది. "మీ అమ్మాయి నెగ్గిందమ్మా, ఇప్పుడే ఇస్తున్నాను," అని చెప్పి, టీచరమ్మ కూనిరాగం తీస్తూ వెనక్కి నడిచింది. దుస్తులు మార్చుకునే గదిలోంచి పడీపడీ నవ్వులు వినిపిస్తున్నాయి.

తలుపు తోసేసరికి బల్ల మీద గంపంత ఎలుగుబంటి తల, దాని పక్కన పిచ్చుక, ఆమెతో కలిసి మెడ కింద బొచ్చంతా తడిసేలా కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతూ, ముత్యాలన్నీ రాల్చేసుకుంటున్న పాత కోచ్.