పాతది నాకివ్వాలి

బల్ల మీద రెండు పెట్టెలున్నాయి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. రెండూ కంప్యూటర్ ప్రాసెసర్ చిప్పులే. కంపెనీలు వేరు, చిప్పు బిగించే బోర్డులూ వేరు.

వాటి ముందు ఆమె నిలబడి పావుగంటైంది. ఇళ్ల ప్లాన్లు గీయడం ఆమె పని. ఇంట్లో ఉన్న కంప్యూటర్ నిన్న మధ్యాహ్నం ఆగిపోయింది. బిల్డరుకు పన్నెండు రోజుల్లో ఆరు ప్లాన్లు ఇవ్వాలి. ఇస్తే ఇకమీదట ఆయన పనంతా ఆమెదే. ఇవ్వకపోతే ఇంకొకరిది.

"ఏది మంచిది?" అని అడిగింది.

"నీలమే అక్కా. కళ్లు మూసుకుని తీసుకోండి," అన్నాడు కొట్టు యజమాని. నీలం పెట్టెలు అతని వెనక పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"కళ్లు తెరిచి తీసుకో అమ్మాయ్," అంది బెంచీ మీది గొంతు.

ఒక ముసలాయన. నుదుటి మీదికి ఎత్తిపెట్టుకున్న భూతద్దం, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి తగిలించుకునేది. ఒళ్లో రేకు డబ్బా.

"ఏది మంచిదని కాదు అడగాల్సింది. నీ చెప్పు తెగితే ఏం చేస్తావ్?"

ఆమె అటూ ఇటూ చూసింది. "కుట్టిస్తాను."

"గొడుగు చువ్వ విరిగితే?"

"చువ్వ వేయిస్తాను. ఒక్క చువ్వకి గొడుగు పారేస్తానా?"

"అయితే నీది ఎరుపు. వాళ్ల బోర్డు నాలుగైదేళ్లు మారదు. రేపు పని పెరిగిందనుకో, బోర్డు అలాగే ఉంచి చిప్పొక్కటే మార్చుకోవచ్చు. నీలానికి రెండేళ్లు తిరిగేసరికి బోర్డూ మారిపోతుంది."

"మరి నీలం ఎవరు కొంటారు?"

"ఇవాళ్టికి అదే కాస్త చురుకు. కొన్నది అరిగేదాకా వాడి, మొత్తం ఒక్కసారే మార్చేవాళ్లకి అదే మేలు. ఇందాకటి లెక్కల మాస్టారికి నీలమే చెప్పాను."

మాస్టారు తలూపి, నీలం పెట్టె చంకన పెట్టుకుని వెళ్లడం ఆమె ఇందాక చూసే ఉంది.

ముసలాయన లేచాడు. "ఒక్క మాట. మూడేళ్లకో నాలుగేళ్లకో నువ్వు చిప్పు మారుస్తావు చూడు, ఆ పాతది నాకివ్వాలి."

మంచినీళ్ల కోసం బయటికి వెళ్లాడు.

యజమాని బల్ల మీదికి వంగాడు. "విన్నారా? ఆవు ఈనక ముందే దూడకి బేరం. మేం చిప్పుల తాత అంటాం. చేతిలో చిప్ప ఒక్కటే తక్కువ. ఎవర్ని చూసినా పాతది ఇమ్మంటాడు."

"ఏం చేసుకుంటాడు?"

"అమ్ముకుంటాడేమో. ఎవరికి తెలుసు?"

ఆమెకు ఒళ్లు మండింది. ఇంకా కొనని వస్తువు మీద అప్పుడే కన్ను.

ముసలాయన తిరిగి వచ్చేసరికి నీలం పెట్టె ఆమె సంచిలో ఉంది.

"నీలం తీసుకున్నావా?"

"అవును తాతగారూ. నా పాత సామాను కోసం ఎవరూ ఎదురు చూడక్కర్లేదు."

యజమాని పకపకా నవ్వాడు. ముసలాయన కూడా నవ్వాడు.

"సరేలే. దాని ఫ్యాను తుడుస్తుండు. దుమ్ము చేరితే తట్టుకోలేదు," అన్నాడు.

ఆరు ప్లాన్లూ పన్నెండో రోజుకు అందాయి. బిల్డరు పని ఆమెకే దక్కింది.

మూడేళ్లు గడిచాయి. ఇళ్లు కొనేవాళ్లకు గీతలు చాలడం లేదు. గదిలోకి అడుగుపెట్టినట్టు బొమ్మ చూపించమంటున్నారు. ఒక్క హాలు చూపించడానికి ఆమె కంప్యూటర్ నలభై నిమిషాలు తీసుకుంటోంది. నెలాఖరు దాకా చూస్తానన్నాడు బిల్డరు.

ఆమె మళ్లీ కొట్టుకు వచ్చింది. "చిప్పు మార్చాలి."

యజమాని తల గోక్కున్నాడు. "ఆ బోర్డు మీద కొత్తవి కూర్చోవక్కా. బోర్డూ, ర్యామూ అన్నీ మార్చాల్సిందే."

"అదే ఎరుపైతే?"

అతను పెట్టెలు సర్దాడు. తరవాత చెప్పాడు.

"చిప్పొక్కటే."

ఆమె బెంచీ వైపు చూసింది. దాని మీద అట్టపెట్టెలున్నాయి.

"తాతగారు రావడం లేదా?"

"పోయి ఏడు నెలలైందక్కా."

ఆమె అట్టపెట్టెలు పక్కకి జరిపి బెంచీ మీద కూర్చుంది.

"ఆ చిప్పులన్నీ ఏం చేసుకున్నాడు?"

"అదే తెలీదు. అమ్మినట్టయితే లేదు. డబ్బా ఇక్కడే ఉండిపోయింది. అడుగుతూ ఎవరూ రాలేదు. నేనూ తెరవలేదు."

బల్ల కింది నుంచి తీసి ఇచ్చాడు.

లోపల దూది. దూదిలో రెండు చిప్పులు. మూత లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంది. సన్నటి రాత.

పైన 'గ్రంథాలయం, కంప్యూటర్ గది' అని ఉంది. కింద ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు. ఒక్కో నంబరు ఎదురుగా తేదీలు. అన్నీ సోమవారాలు. గ్రంథాలయానికి సెలవు రోజులు.

నాలుగో నంబరు దగ్గర ఆమె వేలు ఆగింది. మూడు తేదీలు, మూడు వరసలు.

'ఫొటో స్టూడియో వాళ్లిచ్చినది. బిగించాను.'

'దంతవైద్యురాలు ఇచ్చినది. బిగించాను.'

'ప్రెస్సు వాళ్లిచ్చినది. బిగించాను.'

తేదీలు ఏడాదికొకటి, కోర్సుకు ఫీజు కట్టలేని తన మూడేళ్లవి. ఆ మూడేళ్లూ ఆ గదిలో, కిటికీ పక్కన ఉన్న నాలుగో నంబరు మీదే ఆమె ప్లాన్లు గీయడం నేర్చుకుంది. మొదటి ఏడు ఒక ఇంటికి వారం పట్టేది. రెండో ఏడు మూడు రోజులు. మూడో ఏడు ఒక్క రోజు.

ఇన్నాళ్లూ అదంతా తన చెయ్యి తిరగడమేననుకుంది.